మన తిప్ప మీది సిలువను పడగొట్టొద్దు, బాగు చేసుకుందాం

సంఘ పెద్దలకు, పాస్టరయ్యగారికి, అమ్మగారికి, స్త్రీల సమాజం అక్కలకు, యూత్ తమ్ముళ్లకు, మన పల్లెలో పుట్టి హైదరాబాద్, బెంగళూరు, కువైట్, డాలస్ దాకా వెళ్లిన మనవాళ్లందరికీ వందనాలు.

నేను ఈ ఊరి ఆడబిడ్డని. పెళ్లయి పద్దెనిమిదేళ్లయినా క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ పుట్టింటికి రాని ఏడాది లేదు. మొన్న క్రిస్మస్ ఆరాధన అయ్యాక ప్రకటనల్లో ఒక మాట విన్నాను. తిప్ప మీది పాత సిలువ బాగా దెబ్బతింది కాబట్టి దాన్ని తీసేసి, చీమకుర్తి నుంచి గెలాక్సీ గ్రానైట్ తెప్పించి ఇరవై అడుగుల కొత్త సిలువ ఈస్టర్‌కల్లా నిలబెడతామని, ఖర్చులో సగానికి పైగా ఒక్క కుటుంబమే భరిస్తుందని, దిమ్మె మీద దాతల పేర్లు చెక్కిస్తామని చదివారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేకపోయాను.

ఆ రోజే లేచి మాట్లాడాల్సింది. పండగ పూట గొడవెందుకని ఊరుకున్నాను, ఊరుకున్నందుకు ఇప్పటిదాకా బాధపడుతూనే ఉన్నాను. అందుకే అందరూ చదివేలా రాస్తున్నాను. పుట్టింటివాళ్లని ఆడబిడ్డ చీర అడుగుతుంది, సారె అడుగుతుంది. నేను ఇదొక్కటి అడుగుతున్నా. ఆ సిలువను పడగొట్టకండి. దాన్ని బాగు చేయొచ్చు, మన చేతులతోనే చేయొచ్చు, ఏప్రిల్ 5న ఈస్టర్ నాటికి పూర్తి చేయొచ్చు. ఎలాగో కింద చెప్తాను, కొంచెం ఓపిక పట్టి ఆఖరుదాకా చదవండి.

ఈస్టర్ అనగానే నాకు ముందు గుర్తొచ్చేది ఆ తిప్పే. శనివారం పొద్దున్నే మా నాన్న బకెట్‌లో సున్నం కలిపి కుంచె పట్టుకుని సమాధుల తోటకి బయల్దేరేవాడు, వెనకాల మేము బంతిపూల బుట్టతో. తాతయ్య సమాధి, నాయనమ్మ సమాధి, పసితనంలోనే పోయిన మా చిన్నత్త సమాధి, అన్నిటికీ సున్నం కొట్టాక బకెట్ అడుగున మిగిలింది ఎవరూ రాని సమాధులకి కొట్టేవాడు. "వీళ్లవాళ్లు ఎక్కడున్నారో ఏమో" అనేవాడు. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్రుండదు. మూడున్నరకే గుడి గంట. చీకట్లో కొవ్వొత్తికి అరచెయ్యి అడ్డం పెట్టుకుంటూ తోటకి వెళ్లి, సమాధుల మీద వెలిగించి, అక్కణ్నుంచి పాడుకుంటూ తిప్ప ఎక్కేవాళ్లం. అయ్యగారు సిలువ మెట్టు మీద నిలబడి "క్రీస్తు లేచెను" అంటే "నిజముగా లేచెను" అని గొంతులు పోయేలా చెప్పేవాళ్లం. సముద్రం వైపు ఎరుపు రాగానే మొదటి వెలుతురు ఆ రాయి మీదే పడేది. మన ఊళ్లో పుట్టిన ప్రతి పిల్లా ప్రతి పిల్లాడూ ఆ వెలుతురు చూసే పెరిగారు. పొరుగూళ్లలో ఈస్టర్ గుళ్లో జరుగుతుంది, మనకి తిప్ప మీద జరుగుతుంది.

ఆ సిలువ ఎక్కణ్నుంచి వచ్చిందో ఈ తరం పిల్లలకి తెలియదు. వాళ్ల తప్పు కాదు, మనమే చెప్పలేదు. మా తాతయ్య దాన్ని కరువు సిలువ అనేవాడు. కరువంటే ధాత కరువు. 1876 నుంచి 1878 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో చాలా భాగాన్ని తినేసిన కరువు. లక్షల మంది పోయారు. తిండి కోసం ఒంగోలు దారి పట్టిన పల్లెలకు లెక్కలేదు. అప్పుడు ఒంగోలు మిషన్‌లో ఉన్న జాన్ ఎవరెట్ క్లౌ దొర, పాదిరి కాకముందు అమెరికాలో భూములు కొలిచే సర్వేయరు. ఆ పనితనం ఇక్కడ అక్కరకొచ్చింది. అప్పట్లో తవ్వుతున్న బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకి గడ్డపారా తట్టా ఇచ్చి పని చూపించి కూలి ఇచ్చాడు. మన ముత్తాతలు, ముత్తవ్వలు ఆ కాలువ మట్టి మోసినవాళ్లే. అన్నం కోసం చెయ్యి చాచలేదు, మట్టి మోసి తిన్నారు.

ఇంకో సంగతి ఉంది, ఇది మన పిల్లలకి తప్పకుండా చెప్పాలి. కరువు సాయం నడిచినన్నాళ్లు, పదిహేను నెలల పాటు, ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వనివ్వలేదు. బియ్యం కోసం మతంలో కలిశారన్న మాట పడకూడదని. సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చింది దొర కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరు అలసిపోతే ఇంకో ఇద్దరు చొప్పున నీళ్లలో దిగి ఇచ్చారు. జూన్ మధ్య నుంచి జూలై ఆఖరు దాకా లెక్క వేస్తే 8,691 మంది. "బియ్యం క్రైస్తవులు" అని ఎవరైనా మన పిల్లల్ని వెక్కిరిస్తే వాళ్లు తల దించుకోవాల్సిన పని లేదు. ఈ లెక్క చెప్తే చాలు.

ఆ రోజు గుండ్లకమ్మలో దిగినవాళ్లలో మా ముత్తాత తండ్రి ఉన్నాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. మీ ఇళ్లలోనూ చెప్పుకుంటారని నాకు తెలుసు. ఆ కాలువ తవ్వినవాళ్ల బిడ్డలు తిప్ప మీద ఈ సిలువ నిలబెట్టారు. పగలు కమతాల్లో పని, రాత్రి వెన్నెల్లో ఇటుకల మోత. ఆడవాళ్లు పూటకి గుప్పెడు చొప్పున పక్కన పెట్టిన బియ్యంతో పనిచేసేవాళ్లకి వండిపెట్టారట. మూడు మెట్ల దిమ్మె, దాని మీద మనిషిన్నర ఎత్తు రాతి సిలువ. తూర్పు ముఖాన "పునరుత్థానమును జీవమును నేనే" అని చెక్కారు. ఆ చెక్కినవాడికి చదువు వచ్చో రాదో గానీ అక్షరాలు అంత గుండ్రంగా ఉంటాయి. నేను అక్షరాలు దిద్దుకున్నది పలక మీద కంటే ముందు ఆ రాయి మీదే. మా నాయనమ్మ నా వేలు పట్టుకుని ఆ గాడిలో తిప్పేది. ఇప్పుడు ఆ అక్షరాల్లో సిల్వర్ పెయింటు నిండిపోయింది. నాలుగైదు పొరలుంది. వేలు పెడితే గాడి తగలదు.

ఇక అసలు విషయానికొస్తాను. నేనేం పని చేస్తానో మీలో చాలామందికి తెలియకపోవచ్చు. హైదరాబాద్‌లో పాత కట్టడాలు బాగు చేసే ఒక కాంట్రాక్టరు దగ్గర పదకొండేళ్లుగా సైట్ సూపర్‌వైజర్‌ని. పాత గోడలు, పాత గుమ్మటాలు, పాత సమాధులు, ఇదే నా రోజువారీ పని. డిసెంబర్ 27న నేనూ మా తమ్ముడూ టేపూ టార్చీ తీసుకుని తిప్ప ఎక్కి రెండు గంటలు అంగుళం అంగుళం చూశాం. రాయిని చిన్న చెక్క సుత్తితో తట్టి చూశాను. గుల్లబారిన రాయి డొల్ల శబ్దం చేస్తుంది. మన రాయి గంటలా మోగింది. రాయి గట్టిగా ఉంది అయ్యా. కమిటీ వాళ్లు "పనికి రాదు" అన్నది దిమ్మె చూసి, కుడి రెక్క పగులు చూసి అన్న మాట. ఆ రెండూ బాగయ్యేవే.

ఆ సిలువకి వయసు వల్ల వచ్చిన జబ్బు తక్కువ. మనం చేసిన వైద్యం వల్ల వచ్చిందే ఎక్కువ. నా చిన్నప్పుడు ఒకసారి దిమ్మె పెచ్చులూడుతోందని సిమెంటు పూత పూశారు, మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది, నేను ఇసుక మోశాను కూడా. అప్పుడు చేసినవాళ్లు ప్రేమతోనే చేశారు. కానీ లోపలున్నది కాల్చిన ఇటుక, సున్నం గార. అది తడి పీల్చుకుంటుంది, ఎండకి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు మూత పెడితే వానకి ఏదో ఒక సందులోంచి లోపలికి పోయిన నీళ్లు బయటికి రాలేవు. నీళ్లతో పాటు ఉప్పు లోపల పేరుకుంటుంది, మనది సముద్రం గాలి తగిలే ఊరు, ఉప్పుకి కొదవ లేదు. ఆ ఉప్పు పలుకులు కట్టి ఇటుకని లోపల్నుంచే పిండి చేసేస్తుంది. బయటికి సిమెంటు నున్నగా కనిపిస్తూనే ఉంటుంది, వెనకాల ఇటుక రాలిపోతూ ఉంటుంది. పడమటి వైపు మెట్టు కుంగింది అందుకే.

కుడి రెక్క సంగతీ అలాంటిదే. ఎప్పుడో చిన్న చీలిక వస్తే ఇనుప కడ్డీ దిగ్గొట్టి సిమెంటు కూరారు. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది. ఉబ్బే ఇనుము ముందు ఏ రాయీ ఆగదు. వెంట్రుకంత చీలిక ఇప్పుడు వేలు పట్టేంత అయింది. ఆ ఇనుము తీసేసి స్టెయిన్‌లెస్ స్టీల్ కడ్డీ పెట్టి, రాయికి రాయి అతికిస్తే ఇంకో వందేళ్లు కదలదు. ఇలాంటి పనులు నేను దగ్గరుండి చేయించాను కాబట్టి ధైర్యంగా చెప్తున్నా.

దిమ్మెకి సిమెంటు మొత్తం ఉలితో మెల్లగా ఒలిచేయాలి. బ్రేకర్ మిషన్ పెట్టొద్దు, గ్రైండర్ పెట్టొద్దు. పాడైన ఇటుకలు మాత్రమే తీసి, అదే కొలత ఇటుకలు పెట్టి, సున్నం గారతో కట్టి, సున్నం గారతోనే పూయాలి. ఒక పాలు సున్నం, రెండు మూడు పాళ్లు ఇసుక. ఏటి ఇసుక కావాలి, ఒడ్డు ఇసుక వద్దే వద్దు, ఉప్పు మళ్లీ మనమే చేజేతులా పెట్టినట్టవుతుంది. కలపడానికి బోరు నీళ్లు కూడా వద్దు, మన బోర్లన్నిట్లో ఉప్పు నీళ్లే కదా, మంచినీళ్ల చెరువు నుంచి ట్యాంకరు తెచ్చుకుందాం. కరక్కాయలూ బెల్లమూ నానేసిన నీళ్లు కలిపితే గార జిగటగా పట్టు పడుతుంది, ఇది మన పెద్దల పద్ధతే, చెరువు దగ్గర పాత సున్నం గానుగ గుంట ఇప్పటికీ ఉంది, పిల్లలు దాన్ని చూసి ఏంటో అనుకుంటున్నారు. ఆ గానుగ ఇప్పుడు తిరగదు, రోకళ్లతో దంచినా చాలు.

రాతి సిలువకి మాత్రం ఏ పూతా వద్దు. సిల్వర్ పెయింటు తీసేద్దాం, దానికి మెల్లగా పనిచేసే మందులున్నాయి, నేను తెస్తాను. దయచేసి ఎవరూ ముందే ఉత్సాహపడి బాత్రూం యాసిడ్ పోసి రుద్దొద్దు, వైర్ బ్రష్ పెట్టొద్దు. మెత్తని బ్రష్, మంచినీళ్లు. అంతే. ఆ రాయి తన రంగులో ఎలా ఉంటుందో మనలో యాభై ఏళ్ల లోపు వాళ్లెవరూ చూడలేదు.

"ఇంత తంటా ఎందుకు, కొత్తది పెడితే శుభ్రంగా, పెద్దగా, మెరుస్తూ ఉంటుంది కదా" అని యూత్ తమ్ముడొకడు నాతో అన్నాడు. వాడు మంచి ఉద్దేశంతోనే అన్నాడు. గ్రానైట్ చెడ్డదని నేనట్లేదు. చీమకుర్తి రాయి ప్రపంచమంతా పోతోంది, మన ఇళ్లలోంచే ఆ క్వారీలకు పనికి వెళ్తున్నవాళ్లున్నారు. కానీ డబ్బుంటే ఆ సిలువ ఏ ఊరైనా పెట్టుకోవచ్చు. కాలువ మట్టి మోసినవాళ్ల బిడ్డలు కడుపు మాడ్చుకుని నిలబెట్టిన సిలువ మన తిప్ప మీదే ఉంది. దాన్ని తీసి పక్కన పడేశాక "మా ముత్తాతలు" అని ఏ రాయి చూపించి చెప్తాం?

జర్మనీలో డ్రెస్డెన్ అనే ఊళ్లో ఫ్రావెన్‌కిర్షె అనే పెద్ద చర్చి ఉంది. 1945 ఫిబ్రవరిలో బాంబుల మంటలకి కూలిపోయింది. నలభై ఏళ్లకు పైగా రాళ్ల కుప్పగానే ఉండిపోయింది. తర్వాత ఊరివాళ్లూ లోకం నలుమూలల వాళ్లూ చందాలు వేసుకుని మళ్లీ కట్టారు, 2005 అక్టోబర్ 30న ప్రతిష్ఠ చేశారు. కుప్పలోంచి వేల రాళ్లు ఏరి, ఏది ఎక్కడిదో గుర్తుపట్టి, వీలైనన్ని మళ్లీ ఆ చోటనే పెట్టారు. ఇప్పుడు చూస్తే కొత్త రాయి లేతగా, పాత రాయి నల్లగా, మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. ఆ మచ్చలు దాచలేదు. శిఖరం మీది సిలువ చేసిన ఇంగ్లండ్ కంసాలి తండ్రి ఆ ఊరి మీద బాంబులు వేసిన విమానాల్లో ఒకదాంట్లో పనిచేసినవాడు. మన సిలువ రెక్క అతికించాక ఆ గీత కనిపిస్తే కనిపించనీయండి. ఎక్కడ విరిగిందో, ఎక్కడ అతికించుకున్నామో పిల్లలు చూడాలి.

అంత దూరం ఎందుకు, మన మెదక్ చర్చి చూడండి. పోస్నెట్ అనే మిషనరీ దొర హయాంలో కరువులో జనానికి పని, పనికి తిండి అని మొదలుపెట్టి పదేళ్లు కట్టి 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠించారు. లోపలికి వెళ్లినవాళ్లు గాజు కిటికీల్ని చూసి నోరు తెరుస్తారు గానీ నాకు మాత్రం ఆ స్తంభాల్ని చూస్తే ఆకలితో రాళ్లెత్తిన చేతులే గుర్తొస్తాయి. మన తిప్ప అంత గొప్పది కాకపోవచ్చు. మోసిన చేతులు మాత్రం అలాంటివే.

డబ్బిస్తామన్న కుటుంబానికి ఒక మాట. మీరు నాకు దగ్గరవాళ్లే, మీ మనసు పెద్దదని నాకు తెలుసు. ఆ డబ్బు వెనక్కి తీసుకోమనట్లేదు. సమాధుల తోట నుంచి తిప్పకి ఎక్కే దారి చూశారా? పోయిన ఈస్టర్‌కి చీకట్లో ముగ్గురు పెద్దవాళ్లు జారిపడ్డారు. ఒకామెకి తుంటి విరిగింది, ఆమె ఈసారి రాలేదు. ఆ దారికి మెట్లు, చేత్తో పట్టుకోవడానికి పైపు, అక్కడక్కడ సోలార్ దీపం మీరు పెట్టించండి. ఆ ముసలమ్మలు ప్రతి మెట్టు మీదా మీకోసం ప్రార్థన చేస్తారు. సిలువ ఖర్చు మాత్రం ఒక్క ఇంటిది కాకూడదు. ప్రతి ఇల్లూ ఇవ్వాలి, వంద ఇచ్చినా పర్వాలేదు, డబ్బు లేనివాళ్లు ఒక రోజు పని ఇవ్వాలి. డాలస్ వాళ్లూ అంతే, కోప్పడకండి, మీరు పంపే డబ్బుకి ఒక హద్దు పెట్టమని కమిటీని అడుగుతున్నా. మీకు చేతనైతే సెలవు పెట్టుకుని ఒక వారం రండి, తట్ట మోయండి. పేర్ల పలక ఎవరికీ వద్దు. కట్టినవాళ్లు ఒక్కరి పేరూ చెక్కుకోలేదు, వాక్యం మాత్రమే చెక్కారు.

ఇప్పుడు చెప్పేది కొందరికి కష్టంగా ఉంటుంది, అయినా చెప్పకపోతే ఈ లేఖ రాసి లాభం లేదు. తిప్పకి అటు ఒక పల్లె, ఇటు ఒక పల్లె. మాలపల్లె గుడి వేరు, మాదిగపల్లె గుడి వేరు. ఈస్టర్ రోజు తిప్ప మీదకి ఒకరు నాలుగింటికి, ఒకరు ఐదున్నరకి, మధ్యలో దారిలో ఎదురుపడితే పక్కకి తప్పుకోవడం. నా చిన్నప్పుడు ఇలా లేదు, అందరం ఒక్కసారే ఎక్కేవాళ్లం. తర్వాత పెంతెకొస్తు మందిరం వచ్చింది, బైబిల్ మిషన్ వాళ్లు వచ్చారు, వాళ్లు వేరే. క్రిస్మస్ రోజు చదివిన ప్రకటన ఒక్క గుళ్లోనే చదివారు. అవతలి పల్లెవాళ్లకి ఈ సంగతే తెలియదు, నేను వెళ్లి చెప్తే ఆ పెద్దాయన నోట మాట రాలేదు, "మమ్మల్ని అడగకుండా తీసేస్తారా అమ్మా" అన్నాడు. ఆయన తాత కూడా ఇటుక మోశాడు. గుండ్లకమ్మలో దిగినప్పుడు నీళ్లు వేరు చేసుకోలేదు కదా.

కాబట్టి కమిటీ మళ్లీ వేయండి. రెండు పల్లెల నుంచీ, అన్ని గుళ్ల నుంచీ. ఇప్పుడున్న తొమ్మిది మందిలో ఒక్క ఆడమనిషి లేదు. ఈస్టర్ పొద్దున సమాధి దగ్గరికి ముందుగా వెళ్లింది ఎవరో ప్రతి ఏడాదీ అయ్యగారు మనకి చెప్తూనే ఉన్నారు. సగం మంది ఆడవాళ్లుండాలి, అందులో ఒకరు లెక్కల పుస్తకం పట్టుకోవాలి, ఆ పుస్తకం ప్రతి ఆదివారం గుడి గుమ్మంలో బల్ల మీద తెరిచి పెట్టాలి.

ఊళ్లో మిగతావాళ్లతో కూడా మాట్లాడదాం. దిమ్మె చీలికలో రావి మొక్క మొలిచింది, చూసే ఉంటారు. దాన్ని లాగితే ఇటుకలు ఊడొస్తాయి, వదిలేస్తే దిమ్మెని రెండు చేస్తుంది. తీయక తప్పదు. కానీ రావి అంటే ఊళ్లో హిందువులకి దేవుడితో సమానం, మనం కత్తితో నరికి పారేశామన్న మాట రాకూడదు. రామాలయం పెద్దల్ని పిలిచి, వాళ్ల చేతుల మీదుగా వేరుతో సహా తీయించి చెరువు కట్ట మీద నాటిద్దాం. వాళ్లు సంతోషంగా వస్తారు, నేను ఒకరిద్దర్ని కదిపి చూశాను. సున్నం పని తెలిసిన మేస్త్రి ఇప్పుడు చుట్టుపక్కల ఒక్కడే ఉన్నాడు, పక్క ఊరి సాయిబు తాత. డెబ్భై దాటాడు, కళ్లు సరిగ్గా ఆనవు, కానీ గారని వేళ్ల మధ్య నలిపి ఇంకెంత దంచాలో చెప్పేస్తాడు. ఆయనకి పూర్తి కూలి ఇద్దాం, సేవ అనుకుని తగ్గించొద్దు. మన పిల్లలు నలుగురైదుగురు ఆయన దగ్గర పని నేర్చుకోవాలి, లేకపోతే ఆయనతోనే ఆ విద్య పోతుంది. పంచాయతీకి ఒక కాగితం పెట్టి సర్పంచ్ గారితో, వీఆర్వో గారితో మాట్లాడండి. ఉన్నచోటే, ఉన్న ఎత్తే, ఒక్క అడుగు పెంచం, ఒక్క అడుగు జరగం, గోడ కట్టం అని రాసివ్వండి. ఇరవై అడుగులు అన్నప్పుడు ఊళ్లో కొన్ని ముఖాలు ముడుచుకున్నాయి, అది నాకు మా అమ్మ చెప్పింది. బాగు చేస్తాం అంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. పక్కింటివాడు తన ఇల్లు బాగు చేసుకుంటుంటే మనం నిచ్చెన ఇస్తాం కదా.

టైము సరిపోతుందా అని టెన్షన్ పడకండి, కానీ ఆలస్యం చేస్తే మాత్రం సరిపోదు. సున్నం తొందర పెడితే వినదు. జనవరి 31 శనివారం కాల్చిన సున్నపురాయి నీళ్లలో వేసి విరవాలి. అది బుసబుస పొంగి మరుగుతుంది, కంట్లో పడితే చూపు పోతుంది, కాబట్టి ఆ రోజు పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు, పనిచేసేవాళ్లకి కళ్లద్దాలు, రబ్బరు గ్లవ్స్ నేను తెస్తాను. నెల పైగా ఆ గుంటలో నీళ్ల కింద మురగనివ్వాలి. ఈలోగా ఫిబ్రవరి 18న శ్రమ దినాలు, అంటే ఈస్టర్‌కి ముందొచ్చే నలభై ఉపవాస దినాలు, మొదలవుతాయి. అప్పట్నుంచి సాయంత్రం కూడికకి ముందు గంటా గంటన్నర సిమెంటు ఒలిచే పని, పెయింటు తీసే పని చేద్దాం. ఉపవాసం ఉన్నవాళ్లు నీడలో కూర్చుని ఇటుకలు శుభ్రం చేయొచ్చు. మార్చి 7 నుంచి ఇటుక పని, రెక్క అతికింపు. మార్చి 22కల్లా పూత అయిపోవాలి. ఆ ఎండలకి పూత ఊరికే ఆరిపోతే పగులుతుంది, పైన తాటాకు పందిరి వేసి, గోనె పట్టాలు కప్పి, రోజుకి మూడుసార్లు తడపాలి. ఆ డ్యూటీ పదో తరగతి లోపు పిల్లలకి ఇద్దాం, అంతకంటే నమ్మకంగా చేసేవాళ్లు లేరు. మార్చి 29 మట్టల ఆదివారం ఊరేగింపు తిప్ప దగ్గర ముగించి పందిరి విప్పుదాం. ఏప్రిల్ 4 శనివారం సమాధులకి ఎలాగూ సున్నం కొడతాం, అదే సున్నం, అదే బకెట్ నుంచి దిమ్మెకీ పల్చగా ఒక చెయ్యి.

ఈ పనంతటికీ అన్నం గుప్పెడు బియ్యంతోనే వండుదాం. ఒకప్పుడు ప్రతి ఇంట్లో పొయ్యి మీద ఎసరు పెట్టేముందు ఒక గుప్పెడు తీసి కానుక కుండలో వేసేవాళ్లు. మా అమ్మ ఇప్పటికీ వేస్తుంది. ఈ ఆదివారం నుంచి అందరూ మొదలుపెడితే జనవరి ఆఖరుకి మూట అవుతుంది.

పాస్టరయ్యగారూ, గ్రానైట్‌కి అడ్వాన్స్ ఇచ్చారని విన్నాను. ఆ రాయిని మెట్లకి వాడుకోవచ్చు, సైజు మార్చమని నేను వాళ్లతో మాట్లాడతాను, అడ్వాన్స్ పోదు. పెద్దలు ఒప్పుకుంటే వచ్చే ఆదివారం రెండు గుళ్లలోనూ ఈ లేఖ చదివించండి. ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదో అందరి ముందూ చెప్పండి, నేను వింటాను, తప్పైతే సరిదిద్దుకుంటాను. అందాకా ఎవరూ గునపం ఎత్తకండి.

నేను జనవరి 30 రాత్రి బస్సెక్కి 31 పొద్దున్నే దిగుతాను. సాయిబు తాతని వాళ్ల మనవడు బండి మీద ఎనిమిదింటికి తీసుకొస్తానన్నాడు. సున్నం గుంట తవ్వడానికి పారలు కావాలి, కనీసం ఆరు, రెండు పల్లెల నుంచి చెరి మూడు తెండి. మా తమ్ముడు ట్రాక్టరు పెడతానన్నాడు. నీళ్లకి డ్రమ్ములు ఎవరి దగ్గరున్నాయో ముందురోజే చెప్పండి.